గొంగడి పరచిన చెలక

"వదినా, అవ్వను నువ్వు తోలుకొస్తవా, లేకుంటే నలుగురు పెద్దమనుషులను పిలిపియ్యాల్నా? ఏదో ఒకటి ఇప్పుడే చెప్పు!"

చిరంజీవి గడప దాటలేదు. చెప్పులు విడవలేదు. సూర్యాపేటలోని సొంత అన్న ఇంటి ముందు నిలబడి, వీధి మొత్తం వినేటట్టు అరుస్తున్నాడు.

త్రివేణి పొయ్యి ఆపి బయటికి వచ్చింది. రెండో శనివారం కనుక ఆమెకు బడి లేదు.

"లోపలికి రా. నీళ్లు తాగి మాట్లాడు."

"నీళ్లు తాగుడేంది వదినా! పొద్దుగాల్నే జవహర్ సేటు లారీ వచ్చి నిలబడ్డది. సిమెంటు కల్లంల ఊడ్సి ఎత్తుదమంటే ఏముంది? ఒక్క పెంటిక లేదు. లారీ డ్రైవరు నా ముఖం చూసి నవ్విండు."

"మంద ఇంకా అక్కడే ఉన్నదా?"

"అక్కడ్నే. మల్సూరు చెలకల. నిన్న పొద్దుగూకే యాళ్లకు నేను పెండ్లికి పోయిన. వచ్చి చూస్తే కల్లంల గొర్రె లేదు. అవ్వనే మలిపింది. నడి చెలకల నాయిన గొంగడి పరిచి దాని మీద కూసున్నది. రమ్మంటే రాదు, తినమంటే తినదు."

గొంగడి అన్న మాట వినగానే, లోపల కండక్టరు చొక్కాకు గుండీలు పెట్టుకుంటున్న త్రివేణి భర్త తిరుపతి చేతులు ఆగిపోయాయి.

తండ్రి రామనర్సయ్య పోయిన తర్వాత ఆ గొంగడిని తల్లి రుక్కమ్మ వేపాకు మడతల మధ్య పెట్టెలో దాచింది. దాని అర్థం తెలియనివారు ఆ ఇంట్లో లేరు. మందను ఏ రైతు భూమిలో పెట్టదలచుకున్నాడో, ఆ భూమిలో ముందుగా గొంగడి పరచడం రామనర్సయ్య పద్ధతి. పరచిన తర్వాత ఎవరు ఎంత ఆశ చూపినా మంద అక్కడే పడుకోవాలి. తెల్లవార్లూ గొర్రెలు వేసిన పెంట ఆ నేలకే చెందాలి. పరచిన చెయ్యే ఎత్తాలి తప్ప మరొకరు దాన్ని ముట్టరాదు.

"ఎత్తి పక్కన పెట్టకపోయినవా?" అని త్రివేణి అడిగింది.

చిరంజీవి గొంతు మొదటిసారి తగ్గింది. "నాయిన గొంగడి వదినా. రెండుమార్లు వంగిన. చెయ్యి రాలే."

 

"ఇంకో మాట విను," అన్నాడు చిరంజీవి. "అవ్వను చూసి ఇంకో కల్లంల లింగస్వామి గూడ నిన్న తన మంద మలిపిండు. ఇయ్యాల ఇంకొకడు మలుపుతడు. ఒక్కొక్కడే గిట్ల మలుపుకుంట పోతే, మన కల్లాల మీద కుక్కలు పండుకుంటయి. నీకు బడి ఉంది, అన్నకు బస్సుంది. నాకేముంది?"

అది నిజం. గొర్రెల వెంట తిరిగే పనిలో బతకలేక హైదరాబాదుకు పోవలసిన చిరంజీవి, ఈ వ్యాపారం వల్లనే ఇల్లు కట్టి, ఊళ్లో నిలిచాడు. రాత్రిళ్లు మందలను సిమెంటు కల్లాల మీద పడుకోబెట్టి, ఊడ్చిన పెంటను మాగబెట్టి సంచులకెత్తి, మిద్దెతోటల వాళ్లకూ బత్తాయి రైతులకూ అమ్మే పని అది. మొదలుపెట్టినవారు ముగ్గురు: ఎరువును మాగబెట్టే పద్ధతి కనిపెట్టిన త్రివేణి, కోదాడలో మొక్కల కొట్టు నడిపే ఆమె స్నేహితురాలు భాగ్యశ్రీ, మిర్యాలగూడలో మూతపడిన బియ్యం మిల్లును గోదాముగా మార్చిన జవహర్.

అయితే కాగితం మీద త్రివేణి లేదు. ప్రభుత్వ ఉపాధ్యాయిని వ్యాపారం చేయరాదు కనుక, ఆమె తన భాగాన్ని అత్తగారి పేరున పెట్టించింది. ఉద్యోగస్తుల ఇళ్లలో ఇది వింత కాదు. నియమాన్ని తప్పించుకొనడానికి ముసలివాళ్ల పేర్లను వాడుకొనేవారు, ఆ పేర్లకు మనుషులు కూడా ఉంటారన్న సంగతిని మాత్రం మరచిపోతారు.

"అత్తమ్మకు ఇంత కోపం ఎందుకొచ్చిందో నాకర్థమైతలేదు," అన్నది త్రివేణి. "సిమెంటు మీద పెడితే గొర్రెలకు గిట్టలు కుళ్లవని ఊరంతా చెప్పుకున్నది తనే. ఈ పైసలతో తన గది మీద స్లాబు పడ్డనాడు అందరికీ బెల్లం పంచిందీ తనే. మూడు ఎండకాలాలు ఊరుకొని, ఇప్పుడు..."

"మల్సూరు మామ మన ఇంటికొచ్చిన దినం నీకు యాదికుందా?"

తిరుపతి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రోజంతా ప్రయాణికులతో మాట్లాడి అలసిపోయే ఆ మనిషి ఇంట్లో నోరు విప్పడం తక్కువ. విప్పినప్పుడు భార్య భయపడేది.

"పోయిన వానకాలం ముందర. ఎరువు సంచులు కావాలని వచ్చిండు. నువ్వు తగ్గించి ఇచ్చినవ్."

"తగ్గించి ఇచ్చుడు తప్పా?"

"మన గొర్ల పెంట త్రివేణీ. ఆయన చెలకల పడాల్సిన పెంట. సిమెంటు మీద ఊడ్సి, సంచుల కుట్టి, ఆయనకే అమ్మినం."

"నేను..."

"నువ్వొక్కదానివే గాదు. ఆ సంచులు నా బస్సుకే ఎత్తిండు. నేను లగేజీ టికెట్టు కొట్టిన. 'దీనికి గూడ టికెట్టేనా అల్లుడా?' అని నవ్విండు. రూలు మామా అన్న." తిరుపతి టికెట్టు మిషన్ సంచిని భుజానికి తగిలించుకున్నాడు. "ఆ నవ్వు ఇంక నా బస్సుల్నే ఉన్నది. ఎక్కినప్పుడల్ల కనపడ్తది."

చిరంజీవి తల దించుకున్నాడు.

ఆ అన్నదమ్ములు పుట్టి పెరిగిన కథలో మల్సూరు బావికి ఒక చోటుంది. తిరుపతి చంకపిల్లగా ఉన్ననాటి కరువులో, మల్సూరు తండ్రి తన వేరుశనగను ఎండనిచ్చి, బావిలోని చివరి నీళ్లను రామనర్సయ్య మందకు తాపాడు. ఆ సాయంత్రమే రామనర్సయ్య ఆ చెలకలో గొంగడి పరచి మాట ఇచ్చాడు: తమ ఇంట్లో గొర్రె ఉన్నంత కాలం, ప్రతి ఎండకాలమూ మొదటి మంద ఆ నేలలోనే పడుకుంటుంది. ఆ మాటను తండ్రి బతికినంత కాలం నిలిపాడు. కొడుకులు సిమెంటు కల్లం కట్టుకున్నారు.

"మరి ఏం చెయ్యమంటవు?" అని త్రివేణి భర్తను అడిగింది.

తిరుపతి గడప దాటి వెళ్లిపోయాడు. ఆమె కట్టిన అన్నం డబ్బా బల్ల మీదనే ఉండిపోయింది. చేతికి అందేటంత దగ్గర ఉన్నదాన్ని అతడు మరచిపోయాడనుకొనడానికి వీలులేదు.

అంతలో ఫోను మోగింది. జవహర్. అతడు ఎన్నడూ గొంతు పెంచి మాట్లాడడు.

"మేడమ్, జర కోదాడకు రాగలుగుతరా? భాగ్యశ్రీ మేడమ్ కొట్టు కాడ కూసొని మాట్లాడుదం. అమ్మ చేసిన పనికి అందరం పరేషాన్‌ల ఉన్నం."

"వస్తాను," అన్నది త్రివేణి. "నాకూ మాట్లాడేది ఉంది."

---

కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చొని, త్రివేణి తాను చెప్పబోయే మాటను లోలోపల కూర్చుకున్నది.

తప్పుకొనడం తేలిక కాదు. పదిహేనేళ్లు ఇతరులు రాసిన పాఠాన్ని ఇతరుల పిల్లలకు చెప్పిన మనిషి ఆమె. ఇంటి వెనుక పాత డ్రమ్ములో గొర్రె పెంటను తడిపి, తిరగవేసి, లోపల చెయ్యి పెట్టి వేడి చూసి, వాసన చచ్చేదాకా కాచుకొని, మొదటి గుప్పెడు నల్లటి ఎరువును తీసిననాడు, ఇది నాది అని జీవితంలో తొలిసారి అనుకున్నది. ఎవరో మిద్దె మీద వంకాయలు కాయించి ఫొటో పంపితే, దాన్ని స్టాఫ్‌రూములో అందరికీ చూపింది. 'పెంట టీచరు' అని వెనుక నవ్వుకున్నవాళ్లే ఒక్కొక్కరుగా సంచి కావాలని అడిగారు.

దుర్మార్గమేదీ చేయలేదని ఆమె నమ్మకం. కొలతలో మోసం లేదు, సరుకులో కల్తీ లేదు. కాని న్యాయం తూకంతోనే ముగియదు. ఒకరి నేలకు రావలసినదాన్ని తెచ్చి ఎంత శుభ్రంగా కుట్టి అమ్మినా, అది ఒకరి నేలకు రావలసినదే.

కొట్టు ముందు భాగ్యశ్రీ మల్లె మొక్కలకు పైపుతో నీళ్లు పెడుతున్నది. భర్త మరో కాపురం పెట్టుకొని పోయిన తర్వాత, ఈ కొట్టుతోనే ఆమె పిల్లను చదివిస్తున్నది. బీఎడ్ చదివిననాటి నుంచి వీరిద్దరిదీ 'ఏమే' అని పిలుచుకొనే చనువు.

"ఏమే, ఎండలో వచ్చావు. మజ్జిగ తాగుతావా?"

"తర్వాత."

జవహర్ అప్పటికే మిర్యాలగూడ నుంచి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. లేచి నిలబడి కుర్చీ ఇచ్చాడు. మర్యాదలో అతనికి ఎన్నడూ లోటు లేదు.

"అమ్మ పానం మంచిగున్నదా మేడమ్?"

"బాగనే ఉన్నది. జవహర్‌గారూ, నేనొకటి అడుగుతాను. ఎండకాలం మందలను రైతుల పొలాల్లోనే ఉండనిద్దాం. మిగిలిన రోజుల్లో కల్లాలకు తెచ్చుకుందాం."

"ఎండకాలమే గద మన సీజను. వానల తడిసిన పెంట ఏం మాగుతది, ఎప్పుడు ఆరుతది? ఆ సంగతి మాకు నేర్పిందే మీరు."

"సగం మందలనైనా?"

"సగం అంటే ఎవరి సగం మేడమ్? ఒక రైతుకు ఇస్తే పక్క రైతు ఊకుంటడా?"

"మల్సూరు ఒక్కడికైనా. మా మామగారు ఇచ్చిన మాట అది."

జవహర్ కొంచెంసేపు ఆలోచించినట్టు కనిపించాడు. "మీ మామగారి మాట మీకు పెద్దది. కాదనను. కని ముగ్గురం కలిసి చేసే పనిల ఒక ఇంటి మాట ఎట్ల నడుస్తది? రేపు భాగ్యశ్రీ మేడమ్ ఇంటి మాట ఒకటి ఉంటది, మా ఇంటి మాట ఒకటి ఉంటది."

ఆ జవాబులో తర్కం ఉంది. అన్యాయానికి తర్కం తక్కువ కావడం త్రివేణి ఎక్కడా చూడలేదు.

"అయితే నేను తప్పుకుంటున్న," అన్నది.

భాగ్యశ్రీ చేతిలోని పైపు మొక్క మీద నుంచి పక్కకు జారింది. నీళ్లు నేల మీద పారాయి. ఆమె కుళాయి కట్టివేయలేదు.

బతిమాలుతారని త్రివేణి అనుకున్నది. మీరు లేకుంటే ఎట్లా అంటారని, పద్ధతి తెలిసినది మీకొక్కరికే కదా అంటారని అనుకున్నది. ఆ మాటలకు చెప్పవలసిన జవాబులను కూడా బస్సులో సిద్ధం చేసుకొని వచ్చింది.

"సరె మేడమ్," అన్నాడు జవహర్.

"సరేనా?"

"మీ మనసు లేకుంట ఎట్ల చేస్తం? మీకు రావాల్సింది మీకొస్తది, దాంట్ల తేడా రాదు. ఇయ్యాలనే కాయితం రాయిస్త. సాయంత్రం నేనే చెలక కాడికి వచ్చి అమ్మతోని వేలుముద్ర పెట్టిచ్చుకుంట. ఖతం. కొత్త కల్లం పని గూడ ఈ వారమే మొదలుపెట్టాలె. అమ్మ పేరు మీద ఉంటే ఊకె మీకు తక్లీఫ్."

"ఏ కొత్త కల్లం?"

"ఆత్మకూరు దిక్కు కౌలుకు తీసుకున్నం గద. మాఘమాసంల అమ్మ వేలు పెట్టింది. ఏడ పెట్టాల్నో మీరే గద చూపిచ్చిన్రు."

గుర్తుకు వచ్చింది. ఆ సాయంత్రం ఆమె ఒడిలో పరీక్ష పేపర్ల కట్ట ఉంది. జవహర్ కాగితాలు తెచ్చాడు. ఎర్రపెన్ను చేతిలో పట్టుకొనే, అత్తగారి బొటనవేలును ఇంకు ముద్ద మీద అద్ది, ఇక్కడ అత్తమ్మా, ఇక్కడ, ఇంకొకటి ఇక్కడ అని చూపింది. చదువురాని వేలికి, చదవని చదువు తోడైంది.

ఆ భూమి ఎక్కడ, ఎవరిది అని ఆమె ఆనాడు అడగలేదు. ఈనాడు కూడా అడగలేదు. అతడు అంత సులువుగా ఒప్పుకున్నాడన్న అవమానం ఆమె నోటికి అడ్డుపడింది.

జవహర్ కారు వెళ్లిపోయింది. నీళ్లు కొట్టు గడప దాకా వచ్చాయి. అప్పుడు భాగ్యశ్రీ కుళాయి కట్టివేసింది.

"నీకు జీతం ఉంది త్రివేణీ," అన్నది, చేతులు తుడుచుకుంటూ. "ఒకటో తారీఖున పడుతుంది. అందుకే నీకు న్యాయం గుర్తొస్తుంది."

"అట్లా మాట్లాడకే. నువ్వు కూడా రా. ఇద్దరం కలిసి బయటికొద్దాం."

"ఎక్కడికి? మీ స్టాఫ్‌రూముకా?"

భాగ్యశ్రీ పైపును నేల మీద వదిలేసింది.

"నీ మొఖం చూసే కదా నేను ఆయనతో కలిసింది. ముగ్గురిలో ఇద్దరం ఆడవాళ్లం, మన మాట నెగ్గుతుందన్నావు. ఇప్పుడు నువ్వెళ్లిపోతే నేను ఆయనకు భాగస్వామిని కాను, ఆయన సరుకమ్మే గుమస్తాని. మీ మల్సూరుకు అన్యాయం జరిగింది, సరే, ఒప్పుకుంటాను. నాకు జరిగేదాన్ని ఏమంటారు టీచరుగారూ? దానికి ఏ గొంగడి పరుస్తావు?"

"భాగ్యా..."

"బస్సు టైమవుతుంది. వెళ్లు."

ప్రతిసారీ వెళ్లేటప్పుడు ఏదో ఒక మొక్కను పాత కాగితంలో చుట్టి చేతికిచ్చే మనిషి, ఈరోజు పైపును చుట్టగా చుట్టుకొని లోపలికి వెళ్లిపోయింది. తాగుతావా అని అడిగిన మజ్జిగ కూడా రాలేదు.

---

ఆత్మకూరు దాటి ఆటో దిగేసరికి పొద్దు వాలుతున్నది. ఎర్రచెలక మీద మేత నుంచి తిరిగి వస్తున్న మంద రేపిన దుమ్ము లేచింది. వెనుక చిరంజీవి కర్ర పట్టుకొని నడుస్తున్నాడు. మందను కల్లం వైపు మలపడానికి దారిలో ప్రయత్నించి ఓడినట్టున్నాడు. వదినను చూసి పలకరించలేదు.

నడి చెలకలో నల్లటి గొంగడి. దాని మీద కాళ్లు చాపుకొని రుక్కమ్మ.

"వచ్చినవా? కూసో. కింద గాదు, గొంగడి మీద కూసో. నీ చీరెకు మట్టి అంటుతది."

త్రివేణి కూర్చున్నది. గొంగడి ఉన్ని గరుకుగా అరచేతికి తగిలింది. దాంట్లో ఇంకా వేపాకు వాసన ఉంది.

"తిన్నవా అత్తమ్మా?"

"మల్సూరు పెండ్లాం మధ్యాహ్నం జొన్నరొట్టె తెచ్చింది. తిన్న. వాళ్లు పెడితే తినకుంట ఎట్లుంట? నీ మరిది తెచ్చింది తినలే గని." ముసలామె కోడలి ముఖంలోకి చూసింది. "తిట్టనీకి వచ్చినవా, తోలుకపోనీకి వచ్చినవా?"

"రెండూ కాదు. మనం తప్పుకుంటున్నం. వాళ్లకు చెప్పొచ్చిన."

రుక్కమ్మ వెంటనే సంతోషించలేదు. గొంగడి అంచు దారాన్ని వేళ్లతో సవరించింది.

"నిజంగనా?"

"నిజంగనే. జవహర్ కాయితం తీసుకొని వస్తున్నడు. నువ్వు వేలు పెడితే అయిపోతది."

"మంచి పని బిడ్డా." దారాన్ని వదిలి, "ఆ గది మంచిగుండె. స్లాబు కింద పండుకుంటే వానకు భయం లేకుండె. రోజూ పండుకునేటప్పుడు మల్సూరు యాదికొచ్చేటోడు. పొద్దున లేవంగనే మర్సిపోయేదాన్ని. ఎందుకు మర్సిపోతున్నవే అని నన్ను నేను అడగలే," అన్నది.

"అందరం మరిచినం అత్తమ్మా."

"అందరం అని కలుపకు. ఎవల పాలు వాళ్లకుంటది."

గొర్రెలు ఒకటొకటిగా గొంగడి చుట్టూ చేరుతున్నాయి. ఒక ముసలి పొట్టేలు గొంగడి అంచును వాసన చూసి, దాని పక్కనే మోకాళ్లు మడిచి పడుకున్నది.

మల్సూరు గట్టు దిగి వచ్చాడు. చేతిలో మజ్జిగ చెంబు ఉంది. బక్కపలుచని మనిషి. తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు.

"టీచరమ్మ గూడ వచ్చిందా! తాగు బిడ్డా, సల్లగుంటది."

పొద్దున మొదలు ఎవరూ ఇవ్వని మజ్జిగను త్రివేణి ఆ చేతుల నుంచి అందుకున్నది.

"మల్సూరూ, ఇను," అన్నది రుక్కమ్మ. ఆమె గొంతులో పండుగ ఉంది. "మా కోడలు ఆ కల్లం పనిల నుంచి బయటికొచ్చింది. ఇగ ఏటా మా మంద నీ చెలకల్నే. ఆయన ఇచ్చిన మాట మల్ల నిలబడ్డది."

మల్సూరు నవ్వబోయి ఆగాడు. అత్త ముఖమూ కోడలి ముఖమూ చూశాడు.

"నా చెలక ఏందక్కా?"

"ఇదే. ఇంకోటి ఉన్నదా నీకు?"

"ఇది నాదెక్కడిది? నీదే గద."

రుక్కమ్మ నవ్వింది. "పరాచికాలు ఆడకు."

"పరాచికం గాదక్కా. మాఘమాసంల కౌలుకు రాసిస్తిని. సేటు మనుషులు సదివి ఇనిపిచ్చిన్రు గద, రుక్కమ్మ, భర్త రామనర్సయ్య అని. పెంట లేక భూమి పెడుసైపోయె. సంచులు తెచ్చి సల్లితే ఏ మూలకు సాలుతయి? మిర్యాలగూడ సేటుకు ఇయ్యనన్న ముందుగాల. నీ పేరు సదివినంక, పరాయోళ్ల కాడికి పోతలేదు, అక్క కాడికే పోతున్నదని వేలు పెట్టిన."

త్రివేణి చేతిలోని చెంబు వంగింది. మజ్జిగ ఎర్రమట్టిలో పడి ఇంకిపోయింది.

"నిన్న నువ్వు మంద తోలుకొస్తే," అని మల్సూరు మెల్లగా అన్నాడు, "నీ భూమిల నువ్వు పెట్టుకుంటున్నవు అనుకున్న. సిమెంటు పోసే ముందర ఒక్కపారన్న మంద పండుకోనీ అని వచ్చినవేమో అనుకున్న. పానం పోయేటోని నోట్లె తులసినీళ్లు పోసినట్టు. మా ఇంటిదానితోని గూడ గదే అన్న, అక్క మర్సిపోలే సూడు అని. సంబురపడ్డం."

రుక్కమ్మ కోడలి వైపు చూడలేదు. తన కుడిచేతి బొటనవేలిని చూసుకున్నది. తిప్పి మళ్లీ చూసుకున్నది. దాని మీద ఇంకు మరక ఏనాడో పోయింది. ఇప్పుడు అక్కడ ఎర్రమట్టి మాత్రమే ఉంది.

అప్పుడు త్రివేణికి జవహర్ చెప్పిన 'సరె' అర్థమైంది. అతడు తనను వదులుకొనలేదు; రుక్కమ్మ పేరును వదిలించుకొంటున్నాడు. భూమి దొరకడానికి ఆ పేరు కావలసి వచ్చింది. భూమి చేతికి వచ్చిన తర్వాత, ఆ పేరు వెనుక ఉన్న మనిషి గొంగడి పట్టుకొని లేచింది. ఈ సాయంత్రం వేలు పడితే చెలక మీద అడిగే హక్కు ఈ ఇంటికి ఉండదు. ఈ వారమే సిమెంటు పడుతుంది. వేలు పడకపోతే భాగస్వామ్యం మిగులుతుంది, కల్లాలు మిగులుతాయి, జవహర్‌తో రోజూ తగవు మిగులుతుంది. భర్త ముందు, అత్త ముందు, తాను అనుకున్నంత శుభ్రంగా బయటపడడం ఉండదు.

తప్పుకొనడమే న్యాయమని ఆమె పొద్దుటి నుంచీ అనుకున్నది. చేతులు కడుక్కొనడాన్ని న్యాయమనుకొనేవారికి, తాము మురికి చేసిన నీళ్లు ఎవరి చెలకలోకి పోతున్నాయో కనబడదు.

గట్టు మీద కారు ఆగింది. జవహర్ దిగాడు. చేతిలో ఫైలు, ఇంకు డబ్బా. గొర్రెల మధ్య నుంచి, చెప్పులు పాడుకాకుండా చూసుకుంటూ నడిచి వచ్చాడు.

"నమస్తే అమ్మా. పొద్దంత ఎండల గిట్ల కూసుంటే ఎట్ల? ఒక్క వేలు పెడితే ఇంటికి పోవచ్చు. చిరంజీవీ, జర దీపం పట్టు."

చిరంజీవి ఫోను వెలిగించి పట్టుకున్నాడు. కాగితం గొంగడి మీదికి వచ్చింది. జవహర్ డబ్బా మూత తీశాడు.

"ఇక్కడమ్మా," అని వేలితో చూపాడు.

రుక్కమ్మ చెయ్యి కదపలేదు. "నువ్వు సూపెడితే పెట్ట. నాకు సూపెట్టేది నా కోడలు." ఆమె త్రివేణి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని కోడలికి అనిపించింది. "మొన్న నువ్వు సూపెట్టిన కాడ పెట్టిన. ఇయ్యాల గూడ నువ్వే సూపెట్టు బిడ్డా. కని ఈపారి సదివి సూపెట్టు. మల్సూరు గూడ ఇంటడు."

"పెద్ద కాయితమేం గాదు మేడమ్," అన్నాడు జవహర్. "చీకటి పడుతున్నది."

త్రివేణి కాగితం చేతికి తీసుకున్నది. పిల్లలకు పాఠం చదివినట్టు, మొదటి వాక్యం నుంచి స్పష్టంగా చదవసాగింది. కీర్తిశేషులు రామనర్సయ్య భార్య రుక్కమ్మ అని చదివింది. ఆత్మకూరు మండలంలోని కౌలు చెలకతో సహా అని చదివింది. మల్సూరు తలగుడ్డను రెండు చేతులా పట్టుకొని, తనది కాని సంగతి వింటున్నవాడిలాగా నిలబడ్డాడు. సమస్త హక్కులను అని చదివింది. తన పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేక...

అక్కడ ఆగి, ఆమె కాగితం మీద నుంచి తల ఎత్తింది.

గొర్రెలు పడుకుంటున్నాయి. తెరిచిన ఇంకు డబ్బా జవహర్ అరచేతిలో అట్లాగే ఉంది.

"ఆగినవేంది?" అన్నది రుక్కమ్మ. "సదువు."